సున్న పక్కన గీత

మా ఊరి భూగర్భ రైలు ఒక సున్న.
పదిహేను స్టేషన్లు, రెండు సొరంగాలు,
ఒక రైలు కుడిగా తిరుగుతుంది, ఒకటి ఎడమగా.
ఇరవై నాలుగు నిమిషాలు కునుకు తీస్తే
ఎక్కిన చోటే లేస్తావు
గానుగెద్దులా.
కాకపోతే నూనె రాదు.

నూట పాతికేళ్లు దాటినా గ్లాస్గోలో ఇదే వరస.
క్లైడ్ నది కింద రెండుసార్లు దూరి
పడమటి పేటలన్నిటినీ పలకరించి
తూర్పు వైపు మాత్రం తల తిప్పదు,
పొలం గట్టు దగ్గర మాట పడిన దాయాదిలా.

ఫిబ్రవరిలో మేం సలహాలు పంపమన్నాం.
మూడో అంతస్తు, హీటర్ దగ్గుతుందే గాని వెలగదు.
వచ్చినవి చదివి దొంతర్లు పెట్టడం నా పని:
సాధ్యం. ఖర్చు. ధన్యవాదాలు.
మూడోది ఎప్పుడూ నా గడ్డం దాకా వస్తుంది.

మర్డో మెక్రోరీ, సిగ్నళ్ల దగ్గర ముప్పై రెండేళ్లు పనిచేసి దిగినవాడు,
పన్నెండు పేజీలు, స్కేలు పెట్టి గీసిన పటాలు.
సెయింట్ ఇనాక్ నుంచి పెద్ద రైలు స్టేషనుకి
జనం వానలో పెట్టెలీడ్చుకుంటూ ఎందుకు పోవాలి,
కింద నుంచి ఒక దారి తవ్వండి చాలు, అంటాడు.
ఇటుకలెన్నో, కూలీలెందరో కూడా కట్టాడు లెక్క.
కూడికలో వంద తేడా వచ్చింది.
నేనే దిద్దాను, ఎర్ర సిరాతో, గౌరవంగా.

షీల్డ్స్ రోడ్ నుంచి తబస్సుమ్ కియానీ:
"ఆదివారం సాయంత్రమే తలుపులు మూసేస్తారు.
నా డ్యూటీ రాత్రి ఎనిమిదికి దిగుతుంది.
దేవుడు ఏడోరోజు విశ్రమించాడు, సరే,
హోటల్లో అంట్లు విశ్రమించవు."

పేరు రాయని ఒకాయన:
"ఏమైనా మార్చుకోండి,
ఆ వాసన మాత్రం మార్చకండి."

బింగో కాగితం వెనక, పార్క్‌హెడ్ నుంచి
ఎల్స్పెత్ రాఫర్టీ:
"చెల్లెలు గోవన్‌లో ఉంటుంది.
రెండు బస్సులు, నడుమ పైకప్పు లేని షెల్టరు.
మోకాలు మార్చాక వెళ్లడం మానేశాను.
రాత్రుళ్లు ఫోను చెవిన పెట్టుకుని ఇద్దరం ఒకే సీరియల్ చూస్తాం.
దాని టీవీ నా టీవీ కన్నా నలభై సెకన్లు ముందు.
ఎవరు చచ్చేదీ ముందే చెప్పేసి నవ్వుతుంది, ముండ.
మీ పటంలో మా వైపుకి ఒక గీత గీయండి.
తవ్వకపోయినా సరే.
గీసి ఉంచండి."

దీన్ని రెండో దొంతరలో పెట్టాను.
తీసి మొదటి దాంట్లో పెట్టాను.
టీ తాగి వచ్చి చూస్తే
మళ్లీ నా చేతిలోనే ఉంది.

అన్నిటికన్నా అడుగున, క్రేయాన్ మరకలతో ఒకటి.
రూరీ డోకర్టీ, ఏడేళ్లు, డెనిస్టన్.
నారింజ రంగు సున్న.
పక్కన నిలువు గీత.
"ఇప్పుడు మీ దగ్గర ఏమీ లేదు.
ఈ గీత పెడితే పది."

గీత కుడి పక్కన పెట్టాడు.
అలా పెడితే పది కాదు, ఒకటే.
వాళ్ల టీచరైతే కొట్టేసి మళ్లీ రాయించేది.
నేను దిద్దలేదు.
తూర్పు అటే కదా ఉంది.

కానీ సున్న ఒకచోట, గీత ఒకచోట,
నడుమ వేలెడు ఖాళీ.
ఎక్కడ దిగాలో, ఎక్కడ మారాలో రాయలేదు వాడు.
గదిలో ఎవరూ లేరు.
నా పెన్సిలుతో ఆ ఖాళీలో చుక్క పెట్టాను,
వచ్చిన కాగితాల మీద రాతలు కూడదని
గోడ మీద నోటీసు, కింద నా సంతకమే.

ఐదున్నరకి కౌకాడెన్స్‌లో ఎక్కాను.
బూట్ల తడి, ఎవరిదో చిప్స్ పొట్లం, ఆ వాసన.
ఒక కుదుపు దగ్గర బోగీ అంతా
ఎడమకి ఒరిగింది, రోజూ ఒరిగేదే.
ఈరోజు చూశాను: కుడివైపు కిటికీ అవతల
గోడ.
గోడ.
గోడ.
నా స్టేషను దాటిపోయింది.
కూర్చునే ఉన్నాను.
ఎలాగూ మళ్లీ వస్తుంది, అదొక్కటే దీని మంచితనం.